హెచ్‌4 మీద డాలస్ వెళ్ళి, హైదరాబాద్ ఉద్యోగం అక్కడి నుంచి చేసుకోవచ్చా?

మీరు రాసినదాన్నిబట్టి నాకు అర్థమైంది ఇది. పెళ్ళయి నాలుగు నెలలు. మీవారు డాలస్‌లో హెచ్‌1బి (ఉద్యోగ వీసా) మీద ఉన్నారు, మూడో ఏడు నడుస్తోంది. వాళ్ళ కంపెనీ గ్రీన్‌కార్డు పని ఇప్పుడే మొదలుపెట్టింది. మీకు గచ్చిబౌలిలో టెస్టింగ్ ఉద్యోగం, ఆరేళ్ళ అనుభవం. హెచ్‌4 (హెచ్‌1బి వాళ్ళ భార్యాభర్తలకు ఇచ్చే వీసా) స్టాంపింగ్, అంటే పాస్‌పోర్టులో వీసా ముద్ర, అవగానే వెళ్ళాలి. మీ మేనేజరేమో "మానేయడం ఎందుకు, అక్కడి నుంచే రాత్రిళ్ళు లాగిన్ అవ్వు, జీతం ఇక్కడి ఖాతాలోనే వేస్తాం" అంటున్నారు. అలా చేయొచ్చా, లేకపోతే వర్క్ పర్మిట్ ఎప్పటికొస్తుంది, రాజీనామా ఇవ్వాలా వద్దా అన్నది మీ సందేహం.

ముందు సమాధానం చెప్పేస్తాను. అమెరికాలో కూర్చుని ఆ పని చేయకండి. జీతం రూపాయల్లో పడినా, ఇండియా ఖాతాలో పడినా, టీడీఎస్ ఇక్కడే కట్ అయినా తేడా లేదు. వర్క్ పర్మిట్, అంటే ఈఏడీ కార్డు, మీకు రెండేళ్ళ నుంచి రెండున్నరేళ్ళ లోపల వచ్చే అవకాశం తక్కువ. రాజీనామా మాత్రం ఈరోజే ఇవ్వకండి. దాని గురించి కింద రాస్తాను.

నా సంగతి ఒక్క మాట. నేను 2010లో తెనాలి నుంచి హెచ్‌4 మీద డాలస్ పక్కనున్న ఇర్వింగ్ వచ్చాను. ఎంకాం చదివి విజయవాడలో అకౌంట్స్ ఉద్యోగం వదిలేసి వచ్చాను. ఐదేళ్ళు పని చేయడానికి వీల్లేకుండా ఇంట్లో ఉన్నాను. 2015లో ఈఏడీ రూలు వచ్చాక కార్డు తీసుకుని, ఒక ఇమిగ్రేషన్ లాయరు ఆఫీసులో కేసుల కాగితాలు తయారుచేసే పనిలో చేరాను. అప్పటినుంచీ అదే పని. లాయర్ని కాను. కానీ మీరు అడిగిన ప్రశ్న వారానికి ఒకరైనా ఫోన్లో అడుగుతారు.

ఇక కారణాలు. ఇక్కడ చాలామంది పొరపడేది ఒకే చోట. "జీతం ఎవరిస్తున్నారు, ఎక్కడ పడుతోంది" అని చూస్తారు. చట్టం చూసేది పని చేస్తున్న మనిషి ఆ గంటలో ఎక్కడున్నారు అని. అమెరికా ఇమిగ్రేషన్ నిబంధనల్లో ఉద్యోగం అనే మాటకు ఇచ్చిన నిర్వచనంలోనే "అమెరికా లోపల చేసిన సేవ లేదా శ్రమ" అన్న అర్థం ఉంది. పన్ను చట్టమూ అంతే. అమెరికా గడ్డ మీద చేసిన పనికి వచ్చిన జీతం, ఇచ్చింది హైదరాబాద్ కంపెనీ అయినా, అమెరికాలో పుట్టిన ఆదాయం కిందే లెక్క. మీరు దాన్ని ట్యాక్స్ రిటర్నులో చూపిస్తే "నేను ఇక్కడ పని చేశాను" అని మీ సంతకంతో మీరే రాసిచ్చినట్టు. చూపించకపోతే అది ఇంకో తప్పు. ఎటు తిరిగినా దారి లేదు.

విదేశీ కంపెనీకి చేసే రిమోట్ పని అమెరికా ఉద్యోగ మార్కెట్‌ను తాకదు కాబట్టి ఫరవాలేదని వాదించే లాయర్లు ఉన్నారు. వాళ్ళ వాదన నేనూ చాలాసార్లు విన్నాను. కానీ ఆ వాదన నిలుస్తుందో లేదో తేలాల్సింది రేపు మీ ఫైలు ముందు కూర్చున్న అధికారి దగ్గర. వాదించే లాయరుకు పోయేదేమీ లేదు, పోతే మీ స్టేటస్, అంటే దేశంలో చట్టబద్ధంగా ఉండే హోదా, పోతుంది. మా ఆఫీసులో ఇన్నేళ్ళలో ఒక్కరికి కూడా "చేసుకోండి" అని చెప్పలేదు.

"ఎవరికి తెలుస్తుందండీ?" అని అడుగుతారు. తెలిసే దారులు చెబుతాను. గ్రీన్‌కార్డు అప్లికేషన్ ఐ-485లో గత ఐదేళ్ళ ఉద్యోగాల వివరం రాయాలి, అనుమతి లేకుండా అమెరికాలో ఎప్పుడైనా పని చేశారా అని సూటిగా అడుగుతారు. వీసా కోసం నింపే డీఎస్-160లో కూడా ఉద్యోగ చరిత్ర ఉంటుంది. 2025 డిసెంబరు 15 నుంచి హెచ్‌1బి, హెచ్‌4 వాళ్ళ సోషల్ మీడియా ఖాతాలు కూడా కాన్సులేట్ వాళ్ళు చూస్తున్నారు, ఖాతాలను పబ్లిక్‌గా పెట్టమంటున్నారు. అంటే మీ లింక్డిన్‌లో కంపెనీ హైదరాబాద్, ఊరు డాలస్, ఉద్యోగం "ఇప్పటివరకు" అని ఉంటే నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లో అది ఎవరి కంటైనా పడొచ్చు. మీ కంపెనీ వీపీఎన్‌లో ఏ ఊరి నుంచి లాగిన్ అయ్యారో రికార్డు ఉండనే ఉంటుంది. మేనేజరు నోటిమాటగా ఒప్పుకున్నంత మాత్రాన హెచ్ఆర్, సెక్యూరిటీ వాళ్ళు ఒప్పుకున్నట్టు కాదు. చాలా కంపెనీల్లో క్లయింటు డేటాను దేశం దాటించడమే నిషేధం.

ఒక కేసు చెబుతాను, ఊరూ పేరూ అక్కర్లేదు. ఒకమ్మాయి ఇక్కడి అపార్ట్‌మెంట్లో కూర్చుని బెంగళూరు కంపెనీకి ఏడు నెలలు పని చేసింది. ఆ తర్వాత ఆమెకే ఇక్కడ ఒక కంపెనీ హెచ్‌1బి వేయడానికి ముందుకొచ్చింది, లాటరీలో పేరూ వచ్చింది. కాగితాల కోసం రెజ్యూమె పంపింది. చూస్తే బెంగళూరు ఉద్యోగం చివరి తేదీ, ఆమె అమెరికాలో దిగిన తేదీ కంటే ఏడు నెలలు తర్వాత ఉంది. నేనే అడిగాను, "ఈ ఏడు నెలలూ మీరెక్కడున్నారు?" అని. ఫోన్లో చాలాసేపు మాట లేదు. దేశంలో ఉండగానే స్టేటస్ మార్చమని అడగాలంటే అప్పటిదాకా ఉన్న స్టేటస్‌ను సరిగ్గా నిలబెట్టుకుని ఉండాలి. అందుకని లాయరు ఆ దారి వదిలి, ఇండియా వెళ్ళి స్టాంపింగ్ చేయించుకుని వచ్చేలా వేశారు. కాన్సులేట్‌లో జరిగింది జరిగినట్టు చెప్పింది. వీసా వచ్చింది కానీ మూడు నెలలు అక్కడే ఆగిపోయింది, పాలు తాగే బిడ్డతో. అది ఐదారేళ్ళ కిందటి మాట. ఇప్పుడైతే ఆ దారి ఇంకా ఖరీదు. 2025 సెప్టెంబరు 21 నుంచి, దేశం బయట ఉన్నవాళ్ళకు కొత్తగా వేసే హెచ్‌1బికి కంపెనీ లక్ష డాలర్లు కట్టాలని ప్రకటన వచ్చింది. ఇక్కడే ఉండి హెచ్‌4 నుంచి హెచ్‌1బికి మారేవాళ్ళకు ఆ రుసుము వర్తించదని అక్టోబరులో వివరణ ఇచ్చారు. అంటే స్టేటస్‌ను మచ్చ లేకుండా ఉంచుకోవడం విలువ ఇప్పుడు ఒక లక్ష డాలర్లు. నెలకు మీకొచ్చే జీతంతో దాన్ని పోల్చి చూడండి.

ఉద్యోగం ద్వారా వచ్చే గ్రీన్‌కార్డుల్లో, చివరిసారి దేశంలోకి వచ్చాక మొత్తం 180 రోజుల లోపు జరిగిన ఇలాంటి పొరపాట్లను క్షమించే సెక్షన్ ఒకటుంది, 245(కె) అంటారు. దాని గురించి ఎవరో ఒకరు మీకు చెబుతారు, అందుకే ముందే చెబుతున్నాను. అది తెలియక తప్పు చేసినవాళ్ళు తేరుకోవడానికి ఉంది. దాన్ని నమ్ముకుని పని మొదలుపెట్టకండి. మధ్యలో వచ్చే ఎక్స్‌టెన్షన్లలో, స్టేటస్ మార్పుల్లో అది మిమ్మల్ని కాపాడదు.

ఇప్పుడు ఈఏడీ ఎప్పుడొస్తుందన్న ప్రశ్న. హెచ్‌4 వచ్చినంత మాత్రాన ఈఏడీ రాదు. 2015 మే 26న అమల్లోకి వచ్చిన రూలు ప్రకారం రెండిట్లో ఒకటి ఉండాలి. మీవారి ఐ-140, అంటే గ్రీన్‌కార్డు కోసం కంపెనీ వేసే పిటిషన్, ఆమోదం పొంది ఉండాలి. లేదా హెచ్‌1బికి ఉన్న ఆరేళ్ళ పరిమితి దాటాక కూడా ఆయనకు పొడిగింపు వచ్చి ఉండాలి. మీవారి కంపెనీ ఇప్పుడే మొదలుపెట్టింది అన్నారు కదా. మొదట కార్మిక శాఖ ఆ ఉద్యోగానికి ఎంత జీతం ఉండాలో తేల్చాలి, దానికి కొన్ని నెలలు. తర్వాత ప్రకటనలు వేసి, స్థానికులెవరైనా దొరుకుతారేమో చూడాలి, ఇంకో రెండు మూడు నెలలు. ఆ తర్వాత పెర్మ్, అంటే కార్మిక శాఖకు పెట్టే అప్లికేషన్, దాఖలు చేస్తే, అది తేలడానికే ఏడాది దాటుతోంది. ఐ-140 మాత్రం ప్రీమియంలో (అదనపు రుసుము కట్టి త్వరగా తేల్చుకునే పద్ధతి) వేస్తే 15 పని దినాల్లో జవాబొస్తుంది. ఇదంతా అయ్యాక మీరు ఈఏడీ కోసం ఐ-765 ఫారం వేయాలి, కాగితం మీద వేస్తే రుసుము 520 డాలర్లు. దానికి ప్రీమియం లేదు, ఇంకొన్ని నెలలు. అన్నీ కలిపితే నేను చెప్పిన రెండు, రెండున్నరేళ్ళు. పెర్మ్‌లో ఆడిట్ పడితే ఇంకా జరుగుతుంది.

ఈ రెండేళ్ళలో మీవారు కంపెనీ మారితే లెక్క మళ్ళీ మొదటికొస్తుంది. ఇది భార్యాభర్తలిద్దరూ కూర్చుని మాట్లాడుకోవాల్సిన విషయం, ఎందుకంటే ఉద్యోగం ఆయనది, కానీ ఆగిపోయేది మీ పని. ఐ-140 ఆమోదం రాకముందు మారితే కొత్త కంపెనీ మళ్ళీ పెర్మ్ నుంచి మొదలుపెట్టాలి. ఆమోదం వచ్చి 180 రోజులు దాటితే భయం లేదు. పాత కంపెనీ వెనక్కి తీసుకున్నా ఆ ఐ-140 చెల్లుతుంది, మీ ఈఏడీకి అదే ఆధారంగా చూపించొచ్చు. 180 రోజుల లోపల మారితే పాత కంపెనీ వాళ్ళు వెనక్కి తీసుకునే అవకాశం ఉంది. పదిహేను వేల డాలర్ల పెంపు కోసం ఐదో నెలలో మారి, భార్య ఉద్యోగం ఆగిపోయిన ఇల్లు నాకు తెలుసు. ఆయనకు ఆ 180 రోజుల సంగతి తెలియదు. ఎవరూ చెప్పలేదు.

రూలే ఎత్తేస్తారన్న భయం కూడా మీ మెసేజ్‌లో కనిపించింది. ఇది పదేళ్ళుగా మా నెత్తిన వేలాడిన కత్తి. రూలు వచ్చిన 2015లోనే, కాలిఫోర్నియాలో ఉద్యోగాలు పోయిన కొందరు ఐటీ ఉద్యోగులు సేవ్ జాబ్స్ యూఎస్ఏ పేరుతో కోర్టుకెళ్ళారు. 2023 మార్చిలో జిల్లా కోర్టు, 2024 ఆగస్టులో అప్పీళ్ళ కోర్టు రూలును నిలబెట్టాయి. 2025 అక్టోబరులో సుప్రీంకోర్టు వాళ్ళ పిటిషన్ వినడానికి ఒప్పుకోలేదు. కాబట్టి ఆ కేసు ముగిసింది. ప్రభుత్వం తనంతట తాను రూలు మార్చే అవకాశం ఎప్పుడూ ఉంటుంది. గతంలో రద్దు ప్రతిపాదన ఒకటి తయారై, 2021 జనవరిలో వెనక్కి పోయింది. 2017 చివరినాటికి మొదటిసారి ఈఏడీ ఆమోదం పొందినవాళ్ళు దాదాపు 91 వేల మంది, అందులో 93 శాతం భారతీయులు. నూటికి తొంభై మందికి పైగా ఆడవాళ్ళే. ఆ లెక్క చూసినప్పుడల్లా మా కాంప్లెక్సులో మధ్యాహ్నం పిల్లల్ని తోసుకుంటూ నడిచే ఇంజనీర్లు, ఫార్మసిస్టులు, లెక్చరర్లు గుర్తొస్తారు.

ఈలోపు ఏది పని, ఏది కాదు అన్నది వివరంగా చెబుతాను, ఎందుకంటే రిమోట్ ఉద్యోగం వద్దన్నాక అందరూ అడిగేది ఇదే.

కూకట్‌పల్లి ఫ్లాట్ అద్దె, బ్యాంకు వడ్డీ, షేర్ల డివిడెండ్, హైదరాబాద్‌లో ఉన్నప్పుడు చేసిన పనికి తర్వాత పడే బోనసు, మిగిలిన సెలవుల డబ్బు, ఇవన్నీ తీసుకోవచ్చు. ఉద్యోగాలు వెతకొచ్చు, ఇంటర్వ్యూలకు వెళ్ళొచ్చు, ఆఫర్ తీసుకోవచ్చు. కార్డు చేతికొచ్చి, దాని మీద మొదలయ్యే తేదీ వచ్చేదాకా చేరకూడదు. ఓరియంటేషన్‌కూ ట్రైనింగ్‌కూ కూడా వెళ్ళకూడదు. చదువుకోవచ్చు, అది కూడా ఫుల్‌టైమ్. కంపెనీలో పెట్టుబడి పెట్టొచ్చు, రోజువారీ నడపకూడదు.

ఇంట్లో చేసేవాటి దగ్గరే మన ఆడవాళ్ళు ఎక్కువగా ఇరుక్కుంటున్నారు. ఆదివారం ఇడ్లీ పిండి, ఆవకాయ, కారప్పొడులు వాట్సప్ గ్రూపులో అమ్మడం, కూచిపూడి క్లాసులు, గోరింటాకు పెట్టడం, పక్కింటి బిడ్డను డబ్బు తీసుకుని చూసుకోవడం. ఎవరూ దీన్ని ఉద్యోగం అనుకోరు. చేతిఖర్చుకు అనుకుంటారు. కానీ డబ్బు జెల్‌లో (బ్యాంకు నుంచి బ్యాంకుకు డబ్బు పంపే సౌకర్యం) వస్తుంది, ఎవరు, ఎప్పుడు, ఎంత, దేనికి అన్నీ బ్యాంకులో ఉంటాయి. ప్రకటన మీ ఫోన్ నంబరుతో గ్రూపులో ఉంటుంది. గుంటూరు వైపు ఆవిడొకరు పచ్చళ్ళు చాలా బాగా పెడతారు, నెలకు నలభై యాభై సీసాలు అమ్మేవారు. నేను చెప్పినప్పుడు ముందు కోపం వచ్చింది ఆవిడకు. తర్వాత ఆపేశారు. ఏడాదిన్నరకు ఈఏడీ వచ్చింది, టెక్సాస్‌లో ఇంటి వంటకు ఉన్న కాటేజ్ ఫుడ్ చట్టం ప్రకారం లేబుళ్ళు వేసుకుని, వ్యాపారం నమోదు చేసి మళ్ళీ మొదలుపెట్టారు. ఈఏడీ ఉంటే ఏ కంపెనీలోనైనా చేరొచ్చు, సొంత వ్యాపారమూ పెట్టుకోవచ్చు. యూట్యూబ్ ఆదాయాన్ని కూడా, వీడియోలు ఇక్కడే తీసి పెడుతున్నట్టయితే, నేను పనిగానే లెక్కపెడతాను.

వాలంటీరుగా చేయడం వేరు. గుడిలో, లైబ్రరీలో, మనబడిలో తెలుగు చెప్పడం లాంటివి, ఎవరు చేసినా జీతం లేని సేవ అయితే ఏ ఇబ్బందీ లేదు. ఐదేళ్ళ ఖాళీలో నన్ను నిలబెట్టింది వారం వారం ఆ పిల్లలకు గుణింతాలు నేర్పడమే. కానీ ఒక ఐటీ కంపెనీ "ఆరు నెలలు జీతం లేకుండా ప్రాజెక్టులో చెయ్యండి, అనుభవం వస్తుంది" అంటే అది వాలంటీరు పని కాదు. వేరేవాళ్ళకు జీతమిచ్చి చేయించుకునే పని మీ చేత ఊరికే చేయించుకోవడం అది. మన ఊళ్ళ పిల్లల చుట్టూ ఇలాంటి కన్సల్టెన్సీలు తిరుగుతుంటాయి, జాగ్రత్త.

ఈఏడీ లేకుండా పని చేయడానికి మీకు రెండు దారులున్నాయి. ఒకటి సొంతంగా హెచ్‌1బి. ఏటా మార్చిలో రిజిస్ట్రేషన్, మామూలు కోటా 65 వేలు, అమెరికాలో మాస్టర్స్ చేసినవాళ్ళకు ఇంకో 20 వేలు. విశ్వవిద్యాలయాలు, వాటికి అనుబంధమైన లాభాపేక్ష లేని సంస్థలు లాటరీ లేకుండా ఎప్పుడైనా వేయొచ్చు. ఆరేళ్ళ టెస్టింగ్ అనుభవానికి యూనివర్సిటీల ఐటీ విభాగాల్లో అవకాశాలు ఉంటాయి, చాలామంది అటువైపు చూడనే చూడరు. హెచ్‌4లో గడిపిన కాలం మీ హెచ్‌1బి ఆరేళ్ళలోంచి పోదు. స్టేటస్ మార్పు ఆమోదం వచ్చేదాకా దేశం దాటకండి, దాటితే ఆ అప్లికేషన్ వదులుకున్నట్టే, లక్ష డాలర్ల సంగతి మళ్ళీ ముందుకొస్తుంది. రెండోది ఎఫ్1కి, అంటే విద్యార్థి వీసాకు, మారి మాస్టర్స్ చేయడం, తర్వాత ఏడాది ఓపీటీ (చదువయ్యాక పని చేసే అనుమతి), స్టెమ్ (సైన్సు, టెక్నాలజీ, ఇంజనీరింగ్, లెక్కలు) కోర్సయితే మరో రెండేళ్ళు. హెచ్‌4 మీద ఉండి చదివితే ఓపీటీ రాదు. దీనికి ఫీజు భారం పెద్దది, ఉద్యోగం కోసమే అయితే తొందరపడొద్దని నా అభిప్రాయం.

మీవారి కంపెనీకి హైదరాబాద్ ఆఫీసు ఉండి, ఆయన ఎల్1 (కంపెనీ లోపలి బదిలీ వీసా) మీద వచ్చి ఉంటే కథ వేరుగా ఉండేది. ఎల్2 భార్యాభర్తలకు 2021 నవంబరు ఒప్పందం తర్వాత స్టేటస్‌తో పాటే పని అనుమతి వస్తోంది, ఐ-94 (దేశంలో ఎప్పటిదాకా ఉండొచ్చో చూపే రికార్డు) మీద ఎల్-2ఎస్ అని ఉంటే చాలు. ఎఫ్2 వాళ్ళకు, అంటే విద్యార్థుల భార్యాభర్తలకు, అసలు అనుమతే లేదు. ఇది చదివే మిగతావాళ్ళ కోసం: బ్రిటన్ స్కిల్డ్ వర్కర్, జర్మనీ బ్లూకార్డు, ఆస్ట్రేలియా 482 ఉద్యోగ వీసా మీద వెళ్ళినవాళ్ళ భార్యాభర్తలు పని చేసుకోవచ్చు. కెనడా 2025 జనవరి 21 నుంచి ఆ అనుమతిని ఎంపిక చేసిన వృత్తులవాళ్ళ జీవిత భాగస్వాములకే పరిమితం చేసింది. అమెరికా లెక్క చూసి అక్కడా ఆగిపోకండి, అక్కడి లెక్క చూసి ఇక్కడ పని మొదలుపెట్టకండి.

ఈఏడీ వచ్చాక చేసే పొరపాట్లు రెండున్నాయి, అప్పటికి ఈ సమాధానం గుర్తుండకపోవచ్చు, కాబట్టి రాసిపెట్టుకోండి.

ఐ-94 తేదీ చూసుకోండి, ప్రతిసారీ. ఒకావిడ కార్డు మీద ఇంకా ఏడాది పైన గడువుంది. ఇండియా వెళ్ళొచ్చింది. ఎయిర్‌పోర్టులో అధికారి ఆవిడ పాస్‌పోర్టు ఐదు నెలల్లో అయిపోతోందని చూసి, ఐ-94ను ఆ తేదీ వరకే ఇచ్చాడు. ఆవిడ చూసుకోలేదు. పాస్‌పోర్టు మాత్రం రెన్యూ చేయించుకుంది, అంతా సరిపోయిందనుకుంది. ఐ-94 అయిపోయిన 40 రోజులకు వేరే పని మీద మా ఆఫీసుకొస్తే బయటపడింది. చేతిలో చెల్లే కార్డుంది, కింద స్టేటస్ లేదు. వెంటనే పని ఆపించాం, గడువు దాటాక పాత వీసా చెల్లదు కాబట్టి ఇండియా వెళ్ళి కొత్త వీసా తీసుకుని, మళ్ళీ వచ్చి కొత్త ఐ-94 తీసుకుంది. అదృష్టం బాగుండి తొందరగా దొరికింది. మీ పాస్‌పోర్టు గడువు ఇప్పుడే చూడండి. గడువు దగ్గరపడుతుంటే ప్రయాణానికి ముందే హైదరాబాద్‌లో రెన్యూ చేయించుకోండి, కొత్తది వీసాకు కూడా పనికొస్తుంది.

రెండోది రెన్యువల్. ఇదివరకు రెన్యువల్ వేసి ఉంటే, ఐ-94 గడువు ఉన్నంతవరకు, పాత కార్డు 540 రోజుల దాకా దానంతటదే పొడిగించినట్టు లెక్క. 2025 అక్టోబరు 30 నుంచి వేసినవాటికి ఆ సౌకర్యం తీసేశారు. కార్డు గడువు తీరిన రోజు రాత్రికి కొత్త కార్డు రాకపోతే మర్నాడు పనికి వెళ్ళకూడదు, అంతే. గడువుకు 180 రోజుల ముందే వేయొచ్చు, ఆ మొదటి రోజునే వేయండి. మీవారి హెచ్‌1బి పొడిగింపు, మీ హెచ్‌4 పొడిగింపు ఐ-539, మీ ఐ-765 మూడూ ఒకే కవరులో వెళ్ళేలా ఆయన కంపెనీ లాయరును ఆరు నెలల ముందు నుంచే అడగండి. ఆయన పొడిగింపుతో మీది దానంతటదే పొడిగించబడదు. మా ఆఫీసుకు ఫోన్ చేసి ఏడ్చినవాళ్ళలో సగం మంది ఈ ఒక్క విషయం తెలియనివాళ్ళే.

పన్నుల గురించి క్లుప్తంగా. మీకు సోషల్ సెక్యూరిటీ నంబరు ఇప్పుడు రాదు, ఐటిన్ (పన్నుల కోసమే ఇచ్చే నంబరు) వస్తుంది, మీవారితో కలిసి వేసే మొదటి రిటర్నుతోనే దానికి ఫారం డబ్ల్యూ-7 పెట్టండి. కలిసి వేస్తూ మిమ్మల్ని ఏడాదంతా రెసిడెంటుగా చూపిస్తే, జనవరి నుంచి ప్రయాణం దాకా హైదరాబాద్‌లో సంపాదించిన జీతం కూడా అందులో చూపించాలి, అక్కడ కట్టిన పన్నుకు తగ్గింపు తీసుకోవచ్చు. కాబట్టి ఫారం 16, జీతం స్లిప్పులు వెంట తెచ్చుకోండి. ఇండియా ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఏ రోజైనా 10 వేల డాలర్లు దాటితే ఎఫ్‌బార్ (విదేశీ ఖాతాల వివరం ఇచ్చే ఫారం) వేయాలి. సేవింగ్స్ ఖాతాను ఎన్ఆర్ఓగా (విదేశాల్లో ఉండేవాళ్ళ ఖాతా) మార్పించుకోండి.

ఒక మాట, మీకు అవసరం రాకూడదని కోరుకుంటూనే రాస్తున్నాను. ఇది చదివే ఎవరికైనా పని రావచ్చు. హెచ్‌1బి భర్త కొడుతున్నా, హింసిస్తున్నా, "నా వీసా మీదే ఉన్నావు" అని బెదిరిస్తున్నా, ఐ-140తో సంబంధం లేకుండా భార్య సొంతంగా వర్క్ పర్మిట్ అడిగే ఫారం ఉంది. ఐ-765వి అంటారు. భర్త సంతకం అక్కర్లేదు. దీని సంగతి చాలామందికి తెలియనే తెలియదు.

ఇక రాజీనామా. నేను మీ స్థానంలో ఉంటే ఇలా చేస్తాను. మేనేజరుతో "రిమోట్ కుదరదు, లాస్ ఆఫ్ పే సెలవు ఎంతకాలం ఇవ్వగలరు?" అని అడుగుతాను. చాలా కంపెనీల్లో ఆరు నెలలు, ఏడాది కూడా ఇస్తారు, సబాటికల్ అని పేరు పెడతారు. జీతం లేదు, పని లేదు కాబట్టి ఇమిగ్రేషన్ వైపు ఇబ్బంది లేదు. రాతపూర్వకంగా తీసుకోండి. లాప్‌టాప్ అక్కడే అప్పగించి రండి, "అత్యవసరమైతే ఒక గంట చూడు" అనే ఫోన్లకు చోటివ్వకండి. సెలవు కుదరకపోతే నోటీసు పీరియడ్ మొత్తం హైదరాబాద్‌లోనే పూర్తిచేసి విమానం ఎక్కండి. చివరి రెండు వారాలు డాలస్ నుంచి చేస్తానని ఒప్పుకోకండి, ఆ రెండు వారాలూ రెజ్యూమె మీద తేదీలుగా మిగిలిపోతాయి. ప్రయాణం రెండు మూడు నెలలు వెనక్కి జరిపితే మీకు ఒక ప్రమోషనో, బోనసో వచ్చేలా ఉంటే జరపడమే మంచిదంటాను. కొత్త పెళ్ళికూతురికి ఇలా చెప్పానని పెద్దవాళ్ళు నన్ను తిట్టుకోవచ్చు. రెండున్నరేళ్ళ ఖాళీకి ముందు చేతిలో ఉన్న ఆ బోనసు ఎంత ధైర్యమిస్తుందో నాకు తెలుసు.

మీవారిని అడిగి మూడు తేదీలు ఇక్కడ రాయండి: పెర్మ్ ఎప్పుడు దాఖలు చేయబోతున్నారు, ఆయన హెచ్‌1బి ఆరేళ్ళు ఎప్పటికి పూర్తవుతాయి, మీ పాస్‌పోర్టు గడువు ఎప్పటిదాకా ఉంది. మీరు ఐ-765 వేయగలిగే నెల ఏదో లెక్కకట్టి చెబుతాను.